ఫ్లాంజలే క్వార్టెట్ 78లు: సరైన వేగం పట్టుకునే పని

ఈ ఏడాది నేను పెట్టుకున్న పని ఒకటే. ఫ్లాంజలే క్వార్టెట్ అనే నలుగురు తీగవాయిద్య కళాకారుల బృందం విక్టర్ అనే అమెరికా రికార్డు కంపెనీకి వాయించిన 78ల్లో (నిమిషానికి సుమారు 78 తిప్పులు తిరిగే పాత డిస్కులు) నా దగ్గర ఉన్నవాటిని ఇంట్లోనే డిజిటల్‌లోకి ఎక్కించాలి. ఒక్కొక్కటి అసలు ఏ వేగంతో రికార్డు చేశారో తేల్చాలి. గరగర పోగొట్టడం మీద నాకు పెద్ద పట్టింపు లేదు, వేగం మీద మాత్రం ఉంది. వంద ఏళ్ల నాటి డిస్క్‌లో ఎంత చప్పుడున్నా చెవి కాసేపటికి దాన్ని పక్కన పెట్టేస్తుంది. వేగం తప్పితే మాత్రం స్వరం, లయ, వాయిద్యం గొంతు మూడూ ఒకేసారి తప్పుతాయి. అలా తప్పిన రికార్డు విని ఆ కళాకారుల గురించి అభిప్రాయానికి రావడం అన్యాయం.

ఈ నలుగురే ఎందుకంటే, వాళ్లు పుట్టిన తీరు నాకు చాలా ఇష్టం. ఎడ్వర్డ్ డి కొప్పే అనే న్యూయార్క్ బ్యాంకర్ 1902-03లో ఈ బృందాన్ని నిలబెట్టాడు. షరతు ఒక్కటే: వేరే కచేరీలు, వేరే కొలువులు పెట్టుకోకుండా కాలమంతా క్వార్టెట్‌కే ఇవ్వాలి. డబ్బు సంగతి ఆయన చూసుకుంటాడు. స్విట్జర్లాండ్‌లో లోజాన్ దగ్గర ఆయనకున్న విడిది ఇంటి పేరే బృందానికీ వచ్చింది. మొదటి వయొలిన్ అడోల్ఫో బెట్టి, రెండో వయొలిన్ ఆల్ఫ్రెడ్ పొషోన్, వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) ఉగో అరా, చెల్లో (కూర్చుని వాయించే పెద్ద తీగవాయిద్యం) ఇవాన్ దార్షాంబో. 1916లో డి కొప్పే పోయాక ఆయన కొడుకు ఆ బాధ్యత తీసుకున్నాడు. 1929లో విడిపోయేదాకా రెండు వయొలిన్లు, చెల్లో మారలేదు, వయోలా స్థానంలోనే మనుషులు మారారు. 1917లో అరా ఇటలీ సైన్యంలో చేరడానికి వెళ్లిపోయాడు, ఆయన చోటికి లూయీ బెయ్యీ వచ్చాడు. చివరి ఏళ్లలో నికొలాస్ మొల్డవాన్ వాయించాడు. అంత కాలం ఒకే పనిగా కలిసి కూర్చున్న నలుగురి కమాను ఎలా కదిలిందో వినాలంటే మనకు మిగిలిన దారి ఈ డిస్కులే.

ఫిబ్రవరి: డిస్కులు

నేనుండేది న్యూజెర్సీలో. విక్టర్ కంపెనీ ఊరు కామ్డెన్ కూడా ఈ రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఇక్కడ పాత ఇళ్ల సామాన్ల అమ్మకాల్లో రెడ్ సీల్ డిస్కులు (పేరున్న కళాకారుల కోసం విక్టర్ పెట్టిన శ్రేణి) తరచూ కనిపిస్తాయి. ఎక్కువగా ఒపెరా గాయకులు కరూసో, గాలీ-కూర్చీలవి. క్వార్టెట్‌ల కోసం కట్టలన్నీ ఓపిగ్గా తిరగేయాలి.

చూడాల్సినవి కొన్నే. 1923కి ముందు రెడ్ సీల్ డిస్కులకు ఒకవైపే గాడి ఉంటుంది, రెండో వైపు ఖాళీ. ఒకవైపు డిస్కుల్లో 64 వేల వరుస నంబర్లు 10 అంగుళాలవి, 74 వేల వరుసవి 12 అంగుళాలవి. గాడి అయిపోయాక లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ జాగాలో కోలగా ఉన్న గీత మధ్య వీ, ఈ (VE) అక్షరాలు కనిపిస్తే అది 1925 తర్వాత మైక్రోఫోన్‌తో చేసిన రికార్డు. ఆ గుర్తు లేనివి చాలావరకు, మైక్రోఫోన్ లేని రోజుల్లో ధ్వనిని పట్టే పెద్ద బూర ముందు కూర్చుని వాయించినవి. లేబుల్ మీది నంబరును సాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే అమెరికన్ చారిత్రక రికార్డింగుల జాబితాలో వెతికితే మాట్రిక్స్ నంబరు (ఒక్కో రికార్డింగుకు కంపెనీ ఇచ్చే నంబరు), రికార్డు చేసిన తేదీ, ఎన్ని టేకులు తీశారో (అదే భాగాన్ని ఎన్నిసార్లు వాయించారో) దొరుకుతాయి. తేదీ తెలిస్తే వయోలా ఎవరిదో కూడా తేలిపోతుంది.

కొనేముందు డిస్క్‌ను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తాను. గాడులు బూడిద రంగుకు తిరిగి ఉంటే ఇనుప ముల్లు అరగదీసిందని అర్థం, దాన్ని వదిలేస్తాను. గీతలు ఉన్నా ఫర్వాలేదు. గీత టక్‌మని ఒక చప్పుడు చేసి పోతుంది, అరుగుదల మాత్రం బెట్టి గట్టిగా వాయించిన ప్రతిచోటా స్వరాన్ని చీలుస్తుంది.

మార్చి: కడగడం

డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క, మెత్తని బ్రష్, గాడి వెంబడి గుండ్రంగా రుద్దడం, తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం. లేబుల్ తడవకూడదు. రాత్రంతా నిలువుగా ఆరబెట్టాలి. స్పిరిట్, ఆల్కహాల్ కలిసిన క్లీనర్లు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఈ డిస్కులను పట్టి ఉంచేది లక్క. ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్లు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే కదా. అప్పట్లో ప్రపంచానికి లక్క ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచి, ముఖ్యంగా ఛోటా నాగ్‌పూర్ అడవుల నుంచి. కామ్డెన్‌లో అచ్చయిన ఈ డిస్కులు చేత్తో పట్టుకున్నప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది.

ఏప్రిల్: ముల్లు, తీగలు

తర్వాతి కాలపు ఎల్పీ డిస్కుల ముల్లు 78 గాడికి పనికిరాదు. గాడి అడుగున పాకుతూ చెత్తంతా చదువుతుంది. 78కి సుమారు 70, 75 మైక్రాన్ల ముల్లు కావాలి. కొన కొద్దిగా నరికినట్టుండే రకమైతే ఇంకా మేలు, గాడి అడుగుకు తగలకుండా గోడలను పట్టుకుని నడుస్తుంది. బరువు 4 గ్రాముల దగ్గర పెట్టాను.

ముల్లు కదలికను కరెంటు సంకేతంగా మార్చే కార్ట్రిడ్జ్ స్టీరియోదే. రెండు చానెళ్లనూ విడివిడిగా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కిస్తాను. తర్వాత రెండూ కలిపి మోనో చేస్తే ముల్లు పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చే చప్పుడు చాలావరకు రద్దయిపోతుంది, ఎందుకంటే ఈ డిస్కుల్లో సంగీతమంతా పక్కవాటు కదలికలోనే ఉంటుంది. ఒక గోడ బాగా అరిగి రెండోది బాగుంటే కలపకుండా ఆ ఒక్క చానెల్‌నే తీసుకుంటాను.

ఆ సంకేతాన్ని పెంచే ప్రీఆంప్ విషయంలో ఒక మాట. మామూలు ఫోనో ప్రీఆంప్‌లో ఉండే ఆర్ఐఏఏ దిద్దుబాటు ఎల్పీల కోసం పెట్టింది. అది 10 వేల హెర్ట్జ్ దగ్గర దాదాపు 14 డెసిబెల్స్ తగ్గించి, కింది స్వరాలను పెంచుతుంది. బూర కాలం రికార్డుకు అదేమీ అక్కర్లేదు. దిద్దుబాటు లేని ప్రీఆంప్‌తో ఎక్కించి, ఏం చేయాలన్నా తర్వాత కంప్యూటర్‌లో చేసుకోవడం మంచిది. మైక్రోఫోన్ కాలపు విక్టర్ డిస్కులకు నేను 250 హెర్ట్జ్ కింద మాత్రం బాస్ పెంచుతున్నాను, పైన ఏమీ తగ్గించడం లేదు.

మే: వేగం

అసలు పని ఇది. 78 అని పిలుస్తాం గానీ బూర కాలపు డిస్కులు 70 నుంచి 82 దాకా రకరకాల వేగాల్లో ఉంటాయి. మైనపు పళ్లేన్ని తిప్పే యంత్రం కరెంటుతో కాదు, కిందికి దిగే బరువుతో నడిచేది. దాని వేగాన్ని అదుపు చేసే గవర్నర్‌ను ఎక్కడ బిగిస్తే అదే ఆ రోజు వేగం. నా టర్న్‌టేబుల్ మాత్రం కచ్చితంగా 78.26లో తిరుగుతుంది.

క్వార్టెట్‌లో ఉన్న సౌకర్యం ఏమిటంటే, రాగం ఏ స్థాయిలో ఉందో స్కోరు (రాసిపెట్టిన స్వరలిపి) ముందే చెప్పేస్తుంది. మెండెల్సన్ క్వార్టెట్ ఓపస్ 12లోని కాన్జొనెట్టా అనే భాగం జీ మైనర్, అంటే జీ స్వరం ఆధారంగా నడిచేది. వయొలిన్ అట్టడుగు తీగ కూడా జీ. వేలు పెట్టకుండా మోగే తీగకు వైబ్రాటో (వేలి ఊపుతో వచ్చే స్వరపు వణుకు) ఉండదు, దాని స్వరం కదలకుండా నిలుస్తుంది. సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఎన్ని హెర్ట్జ్ మోగుతోందో చూపే చిత్రం) తెరిచి ఆ తిన్నని అడ్డగీతలను వెతికాను. 78.26 దగ్గర జీ తీగ 201.8 హెర్ట్జ్ చూపించింది. 'ఏ' (A) అనే స్వరం 440 హెర్ట్జ్ అనుకుంటే జీ 196 ఉండాలి. 196ను 201.8తో భాగించి 78.26తో గుణిస్తే వచ్చేది 76.0.

ఇక్కడే చిక్కు. వాళ్లు 440కే శ్రుతి చేసుకున్నారా, యూరప్‌లో అలవాటైన 435కా? 435 అయితే జీ 193.8, వేగం 75.2. ఈ రెండింటికీ తేడా దాదాపు 20 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు), వేగంలో చూస్తే నిమిషానికి ఒక తిప్పుకు కాస్త తక్కువ. అమెరికా సంగీతకారుల సంఘం 1917లో 440ని ఒప్పుకుంది. అదీగాక నా దగ్గరున్న విక్టర్ డిస్కులు 440 లెక్కన చూస్తే చాలావరకు 76 చుట్టూనే వస్తున్నాయి. అందుకే 76 ఖాయం చేసుకున్నాను. తీగల మధ్య పంచమాలను శుద్ధంగా కలుపుకుంటారు కాబట్టి జీ 195.6 ఉండొచ్చనే వాదన కూడా ఉంది. కానీ ఆ తేడా 4 సెంట్లే, డిస్క్ ఊగిసలాటలో కలిసిపోతుంది.

ఒక్కచోట కొలిచి ఊరుకోకూడదు. మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్లా చూడాలి. బరువు దిగేకొద్దీ, మైనం గీసుకునే వ్యాసం తగ్గేకొద్దీ వేగం జరిగిన డిస్కులు ఉన్నాయి. అలాంటి వాటికి ఫైలు మొత్తానికి ఒకే సవరణ సరిపోదు, కొద్దికొద్దిగా మారే సవరణ కావాలి. రంధ్రం నడిమధ్యలో లేని డిస్క్ అయితే స్వరం తిప్పుకోసారి పైకీ కిందికీ ఊగుతుంది. రంధ్రాన్ని ఆకురాయితో వెడల్పు చేసి సర్దేవాళ్లున్నారు. నాకు మనసొప్పదు. అదే డిస్క్‌కు ఇంకో కాపీ దొరికేదాకా ఆగుతాను.

విజయనగరంలో ఉండే మా బాబాయి ఫోన్‌లో ఇదంతా విని, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78లకు కూడా ఇలా చేయొచ్చా అని అడిగారు. మంచి ప్రశ్న. మన సంగీతంలో శ్రుతి వాయించేవారి ఇష్టం. షడ్జం ఎన్ని హెర్ట్జ్ ఉండాలో ఏ కాగితమూ చెప్పదు. అక్కడ వేరే ఆధారాలు కావాలి: ఒకే రోజు రికార్డయిన పక్క పక్క మాట్రిక్స్ నంబర్లు, మైక్రోఫోన్ కాలపు డిస్కులైతే వాటిలో సన్నగా ఇంకిపోయిన కరెంటు సరఫరా హమ్ము (అది ఎన్ని హెర్ట్జ్ ఉండాలో ముందే తెలుసు). బాబాయి దగ్గరున్న డిస్కుల నంబర్లు రాసి పంపమన్నాను.

జూన్: వినడం

78.26లో సరిగ్గా 4 నిమిషాలు నడిచే డిస్క్ 76లో 4 నిమిషాల 7 సెకన్లు నడుస్తుంది. పావు స్వరం కిందికి దిగుతుంది. అంకెల్లో ఇంతే, కానీ చెల్లో మారిపోతుంది. బూర సుమారు 170 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పట్టుకోలేదు. చెల్లో అట్టడుగు తీగ 65, వయోలాది 131. అంటే దార్షాంబో కింది స్వరాల్లో మనకు చేరేది మూల స్వరానికి రెండు, మూడు రెట్లుగా పైన మోగే హార్మోనిక్‌లు మాత్రమే, పునాది స్వరాన్ని చెవి తనంతట తానే కల్పించుకుంటుంది. ఆ హార్మోనిక్‌లు వాటి స్థానంలో ఉన్నప్పుడు చెల్లో పెట్టె ఎంత పెద్దదో తెలుస్తుంది. వేగం ఎక్కువైతే అది చిన్న పెట్టెలా సన్నగా వినిపిస్తుంది.

బెట్టి, పొషోన్ ఇద్దరూ లియేజ్‌లో సెజార్ థామ్సన్ దగ్గర నేర్చుకున్నవాళ్లు. ఒకరు వదిలిన వాక్యాన్ని ఇంకొకరు అందుకునే చోట కమాను బరువు ఒకేలా ఉంటుంది. స్వరం నుంచి స్వరానికి వెళ్లేటప్పుడు జారు వాడతారు. కర్ణాటక వయొలిన్ వింటూ పెరిగిన చెవికి అది పరాయిగా తోచదు. ఇవాళ్టి క్వార్టెట్‌లలో అది చాలావరకు పోయింది. నలుగురూ జారును ఒకేచోట, ఒకే నిడివిలో వాడటం చూస్తే అది ఎవరికి వారు వేసుకున్న అలంకారం కాదని, కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్నదని నాకు గట్టిగా అనిపిస్తుంది. డి కొప్పే షరతు ఫలితం నాకు ఇక్కడే వినిపిస్తుంది.

చప్పుడు తగ్గించడం గురించి: టక్కు టక్కులను మాత్రం ఒక్కొక్కటిగా తీస్తున్నాను. గరగర మొత్తాన్ని తుడిచేసే ఫిల్టర్ వాడటం లేదు. అది కమాను తీగను తాకిన మొదటి గీరను కూడా తినేస్తుంది, ఆ గీర లేకపోతే వయొలిన్ వేణువులా మారుతుంది. దిద్దని ఫైలును ఎఫ్ఎల్ఏసీలో (నాణ్యత పోని ఫైలు రకం) విడిగా దాచి, ఫైలు పేరులోనే నంబరు, టేకు, ముల్లు సైజు, తేల్చిన వేగం రాస్తున్నాను.

డిస్కులు లేకుండా వినాలనుకునేవారికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి నేషనల్ జ్యూక్‌బాక్స్‌లో బూర కాలపు విక్టర్ రికార్డులు చాలా ఉన్నాయి. అమెరికాలో 1923కి ముందు విడుదలైన రికార్డులన్నీ 2022 జనవరి 1 నుంచి అందరి సొత్తు. 1923వి 2024లో చేరాయి, అప్పటి నుంచి ఏటా ఒక్కో సంవత్సరం చేరుతోంది.

జులై: పియానో వచ్చాక

ఇప్పుడు బల్ల మీద ఉన్నది షూమన్ పియానో క్విన్టెట్ (క్వార్టెట్‌కు పియానో తోడైన రచన), 1927లో పియానిస్ట్ ఒసిప్ గాబ్రిలోవిచ్‌తో చేసింది. మైక్రోఫోన్ రికార్డు కాబట్టి చెల్లో అడుగు స్వరాలు నిజంగానే ఉన్నాయి. పియానో ఉండటం వేగం కొలతకు వరం: దాని స్వరాలకు వైబ్రాటో లేదు, వాయించాక మార్చడానికి లేదు. అయితే అదే పియానో డిస్క్ ఊగిసలాటను దాచనివ్వదు, మోగి నిలిచిన ప్రతి స్వరంలో వణుకు బయటపడుతుంది. పని ఒక్కో వైపుగా నడుస్తోంది. ఒక వైపు అయిపోయి ఇంకో వైపు మొదలయ్యే చోట పియానో స్వరం కలిసేలా వేగాలు సర్దాలి, లేకపోతే అతుకు దగ్గర స్థాయి మారినట్టుంటుంది. మొదటి భాగం అతుకులు కుదిరాయి. రెండో భాగానికి నా కాపీలో మొదటి కొన్ని గాడులు అరిగి ఉన్నాయి. ఎడమ గోడ కాస్త బాగుంది, దాంతో ప్రయత్నించి చూడాలి. ఈలోగా ఇంకో కాపీ కోసం కూడా అడిగి పెట్టాను.