కదలని కారుకు సరైన చార్జర్ వెతుక్కున్నాను

బ్యాటరీ చార్జర్ కావాలని ఏ దుకాణానికి వెళ్ళినా ముందు అడిగేది ‘ఎన్ని ఆంపియర్లది?’ అని. నా దృష్టిలో అది తర్వాత అడగవలసిన ప్రశ్న. విజయవాడ వేడిలో కదలకుండా నిలబడి ఉండే బండికైతే మొదట తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి. బ్యాటరీ నిండాక చార్జర్ ఎన్ని వోల్టులకు దిగుతుంది? కరెంటు పోయి వస్తే తనంతట తానే మళ్ళీ మొదలవుతుందా? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పేవారు దొరకడానికి నాకు వేసవి సగం గడిచిపోయింది.

మా ఇల్లు పటమటలో. ఉద్యోగం వల్ల నేను ఎక్కువ రోజులు హైదరాబాదులోనే ఉంటాను. కారు అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఉంటుంది. రాత్రివేళ అమ్మకు ఆయాసం వస్తే తమ్ముడు పరుగున వచ్చి తీయవలసింది ఆ కారునే. అందుకే తాళం తిప్పితే సెల్ఫ్ అందుకోకుండా టకటకమని ఆగిపోవడం నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

జవహర్ ఆటోనగర్‌లో మాకు చాలాకాలంగా తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నారు. బాబాయ్ అని పిలుస్తాను. బ్యాటరీని రాత్రంతా చార్జింగులో ఉంచి, పొద్దున బ్యాటరీ సత్తువ కొలిచే లోడ్ టెస్టరు పెట్టి చూశారు. ‘‘బ్యాటరీ బాగానే ఉంది బాబూ. కొత్తది కొనకండి. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా కరెంటు లాగుతోందేమో ముందు అది చూడండి’’ అన్నారు. బేరం పోగొట్టుకుని మరీ ఇచ్చిన సలహా అది.

తలుపులన్నీ వేసి, తాళం దూరంగా పెట్టి, అరగంట ఆగి, నెగెటివ్ తీగకు వరుసలో మల్టీమీటరు పెట్టి కొలిచాం. నలభై మిల్లీ ఆంపియర్లు చూపించింది. అలారం, గడియారం, లోపలి కంప్యూటర్ కలిసి తీసుకునే కరెంటు అది. లోపం కాదు, ఇప్పటి కార్లకు మామూలే. కానీ లెక్క వేస్తే రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు వాడినంత) పోతున్నట్టే. మా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. అంటే మూడు వారాలు కదపకపోతే సగానికి పైగా ఖాళీ. దీనికి వేసవి వేడి తోడవుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనలో తాను ఖర్చయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుంది. అలా సగం ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా పాత సత్తువ రాదు.

నాన్నగారు అప్పుడప్పుడూ కిందికి దిగి ఇంజన్ ఐదు నిమిషాలు నడిపించి వచ్చేవారు. చాలా ఇళ్ళలో పెద్దలు చేసే పనే. అయితే సెల్ఫ్ కొట్టడానికి పోయినది పూడ్చడమే ఆ ఐదు నిమిషాల్లో కష్టం, రోజుల తరబడి కారిపోయినది ఎక్కడ నిండుతుంది? టెర్మినల్ ఊడదీసి ఉంచవచ్చు. కానీ అర్ధరాత్రి అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి తమ్ముడు పానా వెతుక్కోవాలని నేను కోరుకోను. కాబట్టి ఎప్పుడూ తగిలించి ఉంచే చార్జరే దారి అని నిశ్చయించుకున్నాను.

గవర్నర్‌పేటలో ఒక దుకాణంలో మొదటిది తీసుకున్నాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘స్మార్ట్’ అని ఉంది. మరునాడు పొద్దున బ్యాటరీ మీద మీటరు పెడితే ఇంకా 14.5 వోల్టులు. సాయంత్రం చూసినా అంతే. చేయి వేస్తే బ్యాటరీ వెచ్చగా ఉంది, మూతల దగ్గర ఆసిడ్ వాసన. చార్జింగు జరుగుతున్నప్పుడు 14.4 వరకు వెళ్ళడం సరైనదే. నిండాక మాత్రం 13.5, 13.6 దగ్గరకు దిగిపోవాలి. దిగకపోతే బ్యాటరీలోని నీళ్ళు వాయువుగా మారి తగ్గిపోయి ప్లేట్లు బయటపడతాయి. పొయ్యి మీద పాలు పొంగాక కూడా మంట తగ్గించకపోవడం లాంటిది ఇది. దుకాణదారుకు మీటరు పెట్టి చూపిస్తే, ఆయన మారు మాట్లాడకుండా తిరిగి తీసుకున్నారు. అందుకు ఆయనను మెచ్చుకోవాలి.

రెండోసారి బ్యాటరీ, మల్టీమీటరు రెండూ వెంట తీసుకువెళ్ళాను. ‘‘ఏమండీ, కొనేముందు ఒకసారి పెట్టి చూస్తాను’’ అంటే కొందరు విసుక్కున్నారు, ఒకరు కుర్చీ వేశారు. అక్కడే కొన్నాను. నిండిన బ్యాటరీకి తగిలిస్తే కాసేపటికి 13.6కు దిగింది. స్విచ్ తీసి వేస్తే మళ్ళీ ఎవరూ బటన్ నొక్కనవసరం లేకుండా తిరిగి అదే పని మొదలుపెట్టింది. కొన్ని రకాలు కరెంటు వచ్చాక బటన్ నొక్కేదాకా ఊరికే వెలుగుతూ కూర్చుంటాయి. ఊరిలో లేనివాడికి అలాంటిది ఎందుకూ కొరగాదు.

దీనిలో వేడిని పసిగట్టే ఏర్పాటు కూడా ఉంది. 25 డిగ్రీలకు సరిపోయే 13.6 వోల్టులు 40 డిగ్రీల్లో ఎక్కువవుతాయి. డిగ్రీకి సుమారు 20 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించుకోవాలి. మేలో 45 డిగ్రీలు చూసే ఊళ్ళో దీనికోసం కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదని నా గట్టి అభిప్రాయం.

ఇక ఆంపియర్లు. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు చాలు. మా కారుకు మూడున్నర, నాలుగు. ఇందులో ఒక ఆంపియర్ లోపు ఉండే చిన్న మోడ్ కూడా ఉండటంతో తమ్ముడి మోటారుసైకిల్‌కూ పనికొస్తోంది. సల్ఫేట్ పట్టిన బ్యాటరీని తేరుకునేలా చేయడానికి మరమ్మతు మోడ్ అని ఒకటి ఉంటుంది, వోల్టేజిని 15 దాటిస్తుంది. దాన్ని కారులో ఉన్న బ్యాటరీ మీద వాడను. లిథియం బ్యాటరీకైతే అసలు వాడకూడదు.

అన్నిటికన్నా ఆలస్యమైనది సెల్లార్‌లో ప్లగ్ పాయింటు. అపార్ట్‌మెంటు సంఘం పెద్దలు ఉమ్మడి మీటరు నుంచి వద్దన్నారు. న్యాయమే. మా మీటరు నుంచే ఎర్తింగుతో తీగ దింపించి, విడిగా ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనే ఆపేసే స్విచ్) పెట్టించాను. చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే మూల చూసుకున్నాం. ప్రతిసారీ క్లిప్పులు పెట్టే పని లేకుండా ఫ్యూజున్న తీగను బ్యాటరీకి బిగించి, దాని కొసను బానెట్ ముందుకు తెచ్చాం. నాన్నగారే లాగేస్తారు, తగిలిస్తారు.

ఇప్పుడు నేను ఎప్పుడు వచ్చినా, చార్జర్ తీసి కొన్ని గంటలు ఆగి కొలిస్తే 12.6 వోల్టుల కంటే తగ్గడం లేదు, అంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టే. నెలకోసారి మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడమని నాన్నగారికి చెప్పాను. ఆయన దాన్ని కరెంటు బిల్లు వచ్చే రోజుకు ముడిపెట్టుకున్నారు.