డ్రాగన్‌కి భుజం ఎక్కడ?

మెల్‌బోర్న్‌లో పిల్లలు బొమ్మ వేసి చూపిస్తే పెద్దవాళ్లు ఏమంటారో నాకు కంఠతా వచ్చు. రంగులు ఎంత బాగున్నాయో అంటారు, ఎంత ఊహో అంటారు, ఇలాగే వేస్తూ ఉండమంటారు. విశాఖపట్నంలో మా వాళ్లు మాత్రం ముందు వంకర ఎక్కడుందో వెతుకుతారు. దొరగ్గానే మొహమాటం లేకుండా చెప్పేస్తారు. మా అమ్మాయి ఈ రెండిటి మధ్యా బొమ్మలు వేస్తూ పెరుగుతోంది. 14 ఏళ్లు. ఐప్యాడూ పెన్నూ చేతిలో ఉంటే తిండి ధ్యాస ఉండదు. వేసేవన్నీ డ్రాగన్లు, కొండ మీద కోటలు, కత్తి పట్టుకున్న ఆడపిల్లలు.

ఈ రెండు పద్ధతుల్లోనూ కొంత మంచీ కొంత చెత్తా ఉన్నాయి. ఊరికే ఆ మాట ఎవరైనా అంటారు కాబట్టి, మా అమ్మాయి బొమ్మ ఒకదాని సంగతి చెబుతాను.

ఆ బొమ్మలో ఒక పిల్ల సముద్రం ఒడ్డున రాతి మీద నిలబడి ఉంటుంది. వెనక రెక్కలు విప్పిన డ్రాగన్, ఆ వెనక అస్తమిస్తున్న సూర్యుడు. నెలల తరబడి దీన్నే దిద్దింది. కొత్త బ్రష్షులు డౌన్‌లోడ్ చేసుకుంది, పొలుసులకి మెరుపులు పెట్టింది, నోట్లోంచి వచ్చే మంటకి లేయర్ (తెర మీద విడిగా దిద్దుకునే పొర) మీద లేయర్ వేసింది. నునుపు పెరిగింది గానీ బొమ్మ ఉన్నచోటే ఉంది. ఏదో కుదరలేదని దానికీ తెలుస్తోంది, ఏమిటో పట్టుబడటం లేదు. చూసినవాళ్లంతా వావ్ అంటుంటే దానికి ఇంకా ఒళ్లు మండేది.

మెల్‌బోర్న్ బడులకి వేసవి సెలవులు డిసెంబరులో మొదలై జనవరి చివరిదాకా ఉంటాయి. అందుకే మాకు సంక్రాంతి విశాఖలో దొరుకుతుంది. అల్లిపురంలో మా పెద్దన్నయ్య ఇంట్లో దిగుతాం. అన్నయ్య వయసులో ఉండగా జగదాంబ చుట్టుపక్కల షాపులకి బోర్డులు రాసేవాడు, సినిమా బ్యానర్ల మీద మొహాలు వేసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. కుంచెలు మాత్రం ఇంకా అటక మీద ఉన్నాయి. డిజిటల్ ఆర్ట్ అంటే ఆయనకేమీ తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు.

మేనకోడలు బొమ్మ చూపిస్తే ఐప్యాడ్ తీసుకెళ్లి కిటికీకి ఆనించి పెట్టాడు. వీధి గుమ్మం దాకా వెనక్కి నడిచి, అక్కణ్ణించి కళ్లు చికిలించి చూశాడు.

"అమ్మలూ, ఇక్కణ్ణించి నాకు మంట ఒక్కటే కనిపిస్తోంది. జంతువేదీ?"

దాని మొహం మాడిపోయింది. నేను సర్దిచెప్పబోతే అన్నయ్య వినిపించుకోలేదు. బ్యానర్ అనేది బస్సులో పోయేవాడికి ఒక్క చూపులో తెలియాలట. దగ్గరకొచ్చి కనురెప్పలు లెక్కపెట్టేవాడి కోసం వెయ్యరట. ముందు నలుపెక్కడ, తెలుపెక్కడ అని గోడంతా పెద్ద పెద్ద ముక్కలుగా పంచుకోవాలి, కళ్లూ ముక్కూ ఆ తర్వాత. ఇలా ఆయన ధోరణిలో ఆయన చెప్పుకుపోయాడు.

కాసేపటికి పిల్లే ఒక పని చేసింది. బొమ్మ పైన కొత్త లేయర్ తీసి, మొత్తం నలుపు నింపి, దాన్ని కలర్ మోడ్‌లో పెట్టింది. అలా పెడితే కింది రంగులన్నీ మాయమై వెలుగునీడలు మాత్రమే బూడిదరంగులో మిగులుతాయి. డ్రాగన్, కొండ, ఆకాశం, మూడూ ఒకటే బూడిద. ఎరుపు పక్కన నీలం ఉండబట్టి ఇన్నాళ్లూ విడివిడిగా కనిపించాయి గానీ వెలుగు లెక్కలో వాటికి తేడాయే లేదు. అన్నయ్య తెర మీదకి వంగి చూసి, "ఈ కిటుకు ఆ రోజుల్లో ఉంటే మాకు కళ్లు చికిలించే పని తప్పేది" అన్నాడు.

ఆ సాయంత్రం అది డ్రాగన్ జోలికి పోలేదు. అగ్గిపెట్టె సైజులో గళ్లు గీసుకుని, నలుపు, తెలుపు, ఒక బూడిద, ఇంతే వాడుతూ అదే దృశ్యాన్ని రకరకాలుగా పంచుతూ కూర్చుంది. వీటిని థంబ్‌నెయిల్స్ అంటారు. అక్కడి టీచర్లూ చెప్పారట, పెద్ద బొమ్మకి ముందు ఇవి వేసుకోమని. కానీ వాళ్లు ఆ మాట పది పొగడ్తల నడుమ చెప్పారు, దీనికి పొగడ్తలే వినపడ్డాయి.

మర్నాడు అన్నయ్యకి ఇంకో అనుమానం వచ్చింది. "సాయంత్రం అంటున్నావు, సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడేటి?" అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ బీచ్ రోడ్డులో సూర్యుడు నీళ్లలోంచి పైకి రావడమే చూసిన మనిషి ఆయన. మా అమ్మాయి ఎరిగిన సముద్రం వేరు. మెల్‌బోర్న్‌లో సెయింట్ కిల్డా ఒడ్డున నిలబడితే సూర్యుడు నీళ్ల వైపే అస్తమిస్తాడు. అయినా అది ఊహాలోకం, ఎటు దిగితే ఏం అని వాదించింది. నిజమే. కానీ ఆ వాదనలోనే అసలు తప్పు బయటపడింది. సూర్యుడు వెనక ఉంటే బొమ్మలో పిల్ల మొహం మీద అంత వెలుగు ఎక్కణ్ణించి వచ్చింది? నీడ ముందుకి రాకుండా వెనక్కెందుకు పడింది?

దీనికి జవాబు తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో దొరికింది. రోడ్డు మీద నిలబడి సముద్రం వైపు చూస్తే కురుసుర జలాంతర్గామి అడ్డంగా కనిపిస్తుంది. 2002లో మ్యూజియంగా తెరిచారు, పొడవు 91 మీటర్లు. వెనకనుంచి సూర్యుడు లేస్తుంటే అది మొత్తం నల్లటి ముద్ద. వీపు అంచున మాత్రం సన్నటి వెలుగు గీత. దాని మీద పొలుసులూ లేవు, మెరుపులూ లేవు, అయినా ఎంత బరువుందో చూడగానే తెలుస్తుంది. మా అమ్మాయి అక్కడే ఇసకలో కూర్చుని త్వరత్వరగా స్టడీలు, అంటే ఎదురుగా ఉన్నదాన్ని చూసి వేసే చిన్న అభ్యాస బొమ్మలు, వేసింది. సూర్యుడు పైకి వచ్చేస్తుంటే రంగులు నిమిషాల్లో మారిపోతాయి కాబట్టి దిద్దుకుంటూ కూర్చునే వీలు లేదు. ఫొటోలోంచి రంగు ఎత్తే ఐడ్రాపర్ వాడకూడదని తనకు తానే నియమం పెట్టుకుంది. రంగు కంటితో చూసి కలిపితేనే చెయ్యి నేర్చుకుంటుంది, ఎత్తి పెడితే ఐప్యాడ్ నేర్చుకుంటుంది.

రెక్కల సంగతి ఫిషింగ్ హార్బర్‌లో తేలింది. అప్పటికే అన్నయ్య అడిగి ఉన్నాడు, "దీనికి భుజం ఎక్కడ? రెక్క వీపు మీద అతికించినట్టుందే" అని. వదిన చేపల కోసం వెళ్తుంటే మేమూ వెంటపడ్డాం. పొద్దున్నే బోట్లు వచ్చి వేలం పాట జోరుగా నడుస్తోంది. కోనెం, సొరలు, ఒక మూల నేల మీద రెండు పక్కలా వెడల్పాటి రెక్కలున్న పెద్ద టేకు చేప పరిచినట్టు పడి ఉంది. పిల్ల బోర్లించిన టబ్బు మీద కూర్చుని దాన్ని గీయడం మొదలెట్టింది. అమ్మే ఆవిడ కాసేపు చూసి, "ఏటి గుంటా, కొనవు గానీ బొమ్మేస్తావా?" అని నవ్వింది. నవ్వి ఊరుకోకుండా చేప రెక్క కింద చెయ్యి పెట్టి ఎత్తి చూపించింది. నడుం దగ్గర మందంగా కండ, పోనుపోను పలచబడి అంచుకి వచ్చేసరికి వట్టి తోలు, దాని గుండా ఆవిడ వేళ్ల ఆకారం తెలుస్తోంది. "ఇక్కడ కండ లేకపోతే ఇది ఈదదు" అంది. ఏ ఆర్ట్ క్లాసులోనూ ఇంత సూటిగా చెప్పగా నేను వినలేదు.

కండ ఎక్కడుండాలో టేకు చేప చెప్పింది, ఎముకల కోసం గబ్బిలాన్ని చూడాల్సి వచ్చింది. గబ్బిలం రెక్క నిజానికి చెయ్యి. భుజం, మోచెయ్యి, మణికట్టు, అక్కణ్ణించి బాగా పొడుగు సాగిన వేళ్లు, వేళ్ల మధ్య తోలు. బొటనవేలి గోరు ఒక్కటి పైకి పొడుచుకుని ఉంటుంది. మా అమ్మాయి డ్రాగన్‌కి నాలుగు కాళ్లూ రెండు రెక్కలూ ఉన్నాయి, అంటే ఆరు అవయవాలకి కండ సర్దాలి. రెండు రోజులు కుస్తీ పట్టి ముందు కాళ్లు పూర్తిగా తీసేసింది. ఇప్పుడది నేల మీద ఉన్నప్పుడు గబ్బిలంలాగే మణికట్ల మీద ఆనుకుంటుంది. మొదటిసారి ఆ జంతువు నిజంగా నిలబడగలదనిపించింది.

ఇది కొత్త విద్యేం కాదు. లేని జంతువు సహజంగా కనిపించాలంటే ఉన్న జంతువుల అవయవాలు తీసుకోమని 500 ఏళ్ల కిందటే లియొనార్డో డావించి నోట్సు రాసుకున్నాడు. డ్రాగన్‌కైతే వేటకుక్క తల, పిల్లి కళ్లు, ముళ్లపంది చెవులు, ముసలి కోడిపుంజు కణతలు, నీటి తాబేలు మెడ పెట్టమన్నాడు. బొమ్మని అద్దంలో చూసుకుంటే తప్పులు దొరుకుతాయని చెప్పిందీ ఆయనే. ఇప్పటి పిల్లలు ఒక్క బటన్‌తో బొమ్మని కుడిఎడమలుగా తిప్పి చూసుకునేది అదే పని. మనకేం తక్కువ, సింహాచలంలో వరాహమూ నరసింహమూ కలిసి ఒకే దేవుడు. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో చూస్తానని పిల్ల పట్టుబట్టింది. ఏడాదంతా చందనం పూతే, నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కరోజే, అప్పుడు దానికి బడి. నోరు మూసుకుని ప్రసాదం తిని కొండ దిగాం.

మా వాళ్ల సూటిదనాన్ని మరీ మెచ్చేసుకుంటున్నానేమో, ఇంకో ముక్క కూడా చెప్పాలి. మా పిన్ని బొమ్మ చూసి, "పిల్లని కాస్త తెల్లగా వెయ్యొచ్చుగా" అంది. దీన్ని నేను విమర్శ కింద లెక్కపెట్టను. మా అమ్మాయి చామనఛాయ, దాని బొమ్మల్లో పిల్లలూ అదే రంగు. అలాగే ఉంటారు, పిన్నికి ఆ మాటే చెప్పాను. అయితే నల్లటి చర్మం మీద వెలుగు వెయ్యడం దానికి అప్పట్లో సరిగ్గా రాని మాట వాస్తవం. తెలుపు కలిపి వేసేది, సుద్ద పూసినట్టు తేలేది. బీచ్ స్టడీల వల్ల అదీ దారిలో పడింది. నుదుటి మీద పడేది ఆకాశం నీలం, అంచున పడేది ఎండ రంగు, తెలుపు ఎక్కడా లేదు.

అటక మీద కుంచెల పక్కన పాత చందమామలు కూడా దొరికాయి. అన్నయ్యకి చందమామ ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్యగారంటే (వ.పా.) ప్రాణం. శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో ఉండి, 1992లో పోయిన ఆ మహానుభావుడు మన ఉత్తరాంధ్ర మనిషని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతాడు. వ.పా. ముఖచిత్రాన్ని మక్కీకి మక్కీ దించబోతే మేనకోడల్ని ఆపి, గీతలొద్దు, ముదురు రంగు ఎక్కడెక్కడ పెట్టారో అది మాత్రం వెయ్యమన్నాడు. వేశాక తెలిసింది, చూపు ఎక్కడికి పోవాలో అక్కడే ముదురు రంగు ఉంది.

మెల్‌బోర్న్ తిరిగి వచ్చాక శనివారాలు లైబ్రరీలో కలిసే దాని స్నేహితులు బొమ్మ చూశారు. అక్కడ వాళ్లకో పద్ధతి ఉంది. ముందు తమకేం కనిపించిందో చెబుతారు, తర్వాత వేసినవాళ్లని అడుగుతారు. ఒక కుర్రాడు అడిగాడట, "ఈ పిల్ల డ్రాగన్‌కి భయపడుతోందా, లేక దానికి కాపలా కాస్తోందా?" విశాఖలో ఇంతమంది ఇన్ని వంకలు పెట్టారు గానీ, ఈ ప్రశ్న మాత్రం ఒక్కరూ అడగలేదు. మా అన్నయ్యకి తట్టదు కూడా. బ్యానర్ మీద ఏముండాలో ఆయనకి ఎప్పుడూ ఇంకొకరు చెప్పేవారు. మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించి, కాపలా అని తేల్చుకుంది. దాంతో పాదాలు ఎడంగా జరిగాయి, కత్తి మొన కిందికి దిగింది, డ్రాగన్ తల ఆ పిల్ల భుజం వెనక్కి తగ్గింది. ఇంకో అమ్మాయి వేరే లేయర్ మీద దిద్ది చూపించింది, మంట తీసేస్తే ఎలా ఉంటుందో. మంట పోయింది. నెలల తరబడి వేసిన లేయర్లన్నీ డిలీట్ చేస్తుంటే నాకే మనసొప్పలేదు, అది మాత్రం నిక్షేపంగా ఉంది.

ఇప్పుడు గొడవంతా తోక దగ్గర. వాట్సాప్‌లో పంపిన బొమ్మని అన్నయ్య తన చిన్న ఫోన్లో చూసి, "తోకకి బరువు లేదమ్మలూ, నేలకి ఆనాలి" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆనితే ఎగరడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపించదని ఇది తన తెలుగులో తిరిగి పెట్టింది. ఆయన గచ్చు మీద సుద్దముక్కతో బల్లి తోక గీసి ఫొటో పంపాడు. ఇది దాని మీద ఎర్ర గీతలు పెట్టి వెనక్కి పంపింది. శనివారం బృందం కూడా రెండుగా చీలిందట. నన్నెవరూ అడగలేదు గానీ, నా ఓటు అన్నయ్యకే.