చైన్‌మన్ రాని రోజు

ఎఫ్-లైన్ పిటిషన్‌కి, అంటే పొలం హద్దు కొలిచి చూపమని రైతు పెట్టుకునే అర్జీకి, నోటీసు ఇచ్చిన రోజున ఇరుపక్కల రైతులూ ఊరి పెద్దలూ అందరూ గట్టు మీదే ఉంటారు. వాళ్ల ముందు సర్వేయరు హద్దురాయి కోసం గంటలకొద్దీ తడుముకుంటే పరువు పోతుంది. అందుకని నేను ఒకటి రెండు రోజుల ముందే వెళ్లి రాళ్లు చూసుకుంటాను. ఆ రోజు కొలతల్లో నాకు సాయపడే మా చైన్‌మన్ ఇంట్లో పెళ్లి. ఒక్కణ్ణే బయల్దేరాను.

మందస మండలంలో ఒడిశా వైపు కొండవాలు అది. తలెత్తితే మహేంద్రగిరి. వాలంతా జీడితోట. ఏప్రిల్ కదా, పళ్లు రాలి పులిసిన వాసన. తోట మొదట్లో పిక్కలు ఏరుకుంటున్న ముసలమ్మ నా భుజం మీది రోవర్ (శాటిలైట్లతో చోటు చెప్పే పరికరం) కర్ర చూసి, "ఒక్కడివే ఎల్తన్నావేటి బావూ? ఎలుగులు తిరగతన్నాయి. మాటాడుకుంటూ ఎల్లు" అంది. నవ్వేసి ముందుకెళ్లాను. కాసేపటికి ఓ చెదపుట్ట, అప్పుడే తవ్వేసినట్టు. మట్టి ఇంకా తడారలేదు. ఇక అక్కణ్ణుంచి ఎక్కాలు పైకి చదువుకుంటూ నడిచాను. పదిహేడో ఎక్కం నాకు ఎప్పుడూ సరిగ్గా రాదు, ఆ రోజు కూడా రాలేదు.

తగాదా ఏమిటంటే, ఎఫ్ఎంబీలో, అంటే పొలాల కొలతలుండే సర్వే పుస్తకంలో, కింది రాయి నుంచి మూడు సర్వే నంబర్లు కలిసే పై రాయికి 412 లింకులు. అంటే 82.88 మీటర్లు. ఆ పై రాయి ఏనాడో మట్టిలో కలిసిపోయింది. పై రైతు టేపు నేల మీద పరిచి కొలుచుకుని, లెక్క తేలిన చోట సొంతంగా ఓ రాయి పాతేశాడు. "మూడు మీటర్లు మింగేశాడు" అని కింది రైతు గోల.

రోవర్ వచ్చాక ఒక్కడే పని చేయడం కుదురుతోంది. 2020 డిసెంబరులో రీసర్వే మొదలయ్యాక మాకు బాగా అలవాటైంది. కానీ దానికి నెట్ కావాలి. కొండ మలుపు తిరగ్గానే ఫోన్ ఒడిశా టవర్ పట్టుకుంది, ఆ తర్వాత అదీ పోయింది. వెనక్కి ఓ బండ ఎక్కితే రెండు గీతలు వచ్చాయి. కింది రాయి, పక్క రాయి రెండూ ఎండపొడలోనే ఉన్నాయి కాబట్టి ఫిక్స్, అంటే కచ్చితమైన రీడింగు, దొరికింది. వాటి నుంచి పై రాయి ఎక్కడుండాలో లెక్క కట్టాను. తీరా చూస్తే అది గుబురు జీడిచెట్టు కింద! అక్కడ ఆకాశం కనబడదు, రోవర్ ఫిక్స్ పోయి ఫ్లోట్‌లోకి, అంటే ఉజ్జాయింపు రీడింగులోకి, వెళ్లి మీటరు అటూ ఇటూ ఊగుతోంది. దాన్ని నమ్మి తవ్వితే సాయంత్రం దాకా తవ్వాల్సిందే.

అందుకని చెట్టు నీడకి బయట, ఫిక్స్ వచ్చే చోట రెండు మేకులు దిగ్గొట్టాను. లెక్క ప్రకారం పై రాయి ఒకదాన్నుంచి 11 మీటర్లు, ఇంకోదాన్నుంచి 9. టేపు కొస మేకుకి తగిలించి, రెండో కొస నడుము ఎత్తులో మట్టంగా లాగి, ప్లంబ్‌బాబ్ (దారానికి కట్టిన తూకపు గుండు) వదిలి, అది తాకిన చోటల్లా పుల్లతో గీతలు. మొదటి వంపు గీశాక మేకు ఊడొచ్చి వెల్లకిలా పడ్డాను. చూసేవాళ్లు లేరు, అదొక్కటే నయం. మళ్లీ కొట్టి, మళ్లీ గీశాను.

రెండు వంపులూ కలిసిన చోట ఆకులు తోసి గునపం దించాను. మెత్తగా దిగింది. జానెడు పక్కన కూడా అంతే. మూడోసారి ఠంగుమంది. చేత్తో మట్టి తీస్తే అరచేయంత రాతి తల, దాని మీద ఉలి గుర్తు.

పై రైతు రాయి దానికి మూడు మీటర్లకి కాస్త తక్కువ దూరంలో, కిందివైపు ఉంది. పాపం, అతను మోసం చేయలేదు. అక్కడి వాలు దాదాపు 15 డిగ్రీలు. ఎఫ్ఎంబీలో ఉండేది మట్టం దూరం, వాలు వెంట కొలిచింది కాదు. అంత వాలులో 82.88 రావాలంటే నేల మీద 85.80 దాకా పోవాలి. టేపు పరిచేవాళ్లు నూటికి తొంభైమంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

ఫోటో తీసుకుని, మట్టి కప్పేసి, ఆకులు ఎలా ఉన్నాయో అలాగే సర్దాను. దిగేటప్పుడు ఎక్కాలు అక్కర్లేదనిపించింది గానీ, ఆ చెదపుట్ట దగ్గర మాత్రం గొంతు పెంచాను.

కింద టీ కొట్టు దగ్గర పై రైతే ఎదురయ్యాడు. "దొరికిందా సర్వేయరు గారూ?" అన్నాడు.

"ఎల్లుండి నోటీసు కదా, కింది రైతునీ రానివ్వండి" అన్నాను. టీ డబ్బులు తను ఇస్తానన్నాడు. వద్దని నేనే ఇచ్చుకున్నాను.