మోటర్‌హోమ్‌కు తాళాలు: అయిన పని, మిగిలిన పని

తాళం వేస్తే బయటినుంచి వచ్చే దొంగకు ఆలస్యం కావాలి. లోపల పడుకున్నవాళ్లకు చీకట్లో, కంగారులో కూడా వెంటనే తెరుచుకోవాలి. మా మోటర్‌హోమ్‌కు (వంట, నిద్ర లోపలే జరిగే బండి) ఏది బిగించాలన్నా ముందు ఈ రెండూ చూసుకుని, ఆ తర్వాతే డ్రిల్ చేతికి తీసుకుంటున్నాను. పని ఇంకా పూర్తి కాలేదు. ఇదే పని మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని, అయినంతవరకు రాసి పెడుతున్నాను.

ముందుగా బండి చుట్టూ

దొంగ కన్నుతో బండి చుట్టూ ఒకసారి తిరగడం మొదటి పని. పైసా ఖర్చు లేనిది, బహుశా అందుకే చాలామంది వదిలేస్తారు. డ్రైవర్ తలుపు, అవతలి సీటు తలుపు, గదిలోకి వెళ్లే పక్క తలుపు, కిటికీలు, వెలుతురు కోసం పైకప్పుకు ఉండే రూఫ్‌లైట్లు, వెనక సామాన్ల గ్యారేజీ, గ్యాస్ సిలిండర్ల పెట్టె, బానెట్. దేనికి ఏ తాళం ఉందో, ఎంత గట్టిగా లాగితే ఎంత సందు ఇస్తుందో కాగితం మీద రాసుకున్నాను.

నిజానికి మోటర్‌హోమ్ అంటే ఒకే ఛాసీ (కింది చట్రం) మీద రెండు బండ్లు. ముందు సగం ఫియట్ డుకాటో, మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్ లాంటి వ్యాన్‌ది. ఇంజను, సెంట్రల్ లాకింగ్, సరైన తాళంచెవి లేకపోతే ఇంజనును స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ అక్కడివే. వెనకది బాడీ కట్టేవాళ్లు కట్టిన గది. దాని గోడకు బయట పల్చటి అల్యూమినియం రేకో ఫైబర్‌గ్లాసో, మధ్యలో ఫోమ్, లోపల సన్నటి ప్లైవుడ్. అంతా కలిపినా 3 సెంటీమీటర్ల చుట్టుపక్కలే. బరువు తగ్గాలని, ఎండా చలీ ఆగాలని అలా కడతారు కానీ దొంగ ఆగాలని కాదు. కాబట్టి బండినే ఎత్తుకుపోయేవాడికి ఒక మందు, లోపలి ల్యాప్‌టాప్ కోసం వచ్చేవాడికి ఇంకో మందు. రెండో రకం వాడే ఎక్కువ తలనొప్పి. వాడికి ఇంజనుతో పనే లేదు, ఒక స్క్రూడ్రైవర్ చాలు.

పక్క తలుపు

ఎక్కువ సమయం ఇక్కడే పట్టింది. మా తలుపుకు గడియ ఒక్కటే, నడిమధ్యలో. తాళం వేసి పై మూల పట్టుకుని లాగితే వేలు దూరేంత కాకపోయినా స్క్రూడ్రైవర్ మొన దూరేంత సందు వస్తుంది. ఆ సందులో మొన పెట్టి మెలితిప్పితే ఫ్రేము వంగి గడియ నాలుక దానంతటదే జారిపోతుంది. మూడుచోట్ల పట్టే గడియ ఉన్న తలుపులకు ఈ బాధ తక్కువ.

నేను ఎంచుకున్నది తలుపు పక్కన గోడకు బిగించే తిరిగే హ్యాండిల్. మామూలప్పుడు ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి పనికొస్తుంది, బయటికెళ్లేటప్పుడు తలుపుకు అడ్డంగా తిప్పి తాళం వేస్తే తలుపు తెరుచుకోదు. దూరం నుంచే కనిపించడం దీని అసలు లాభం. కొనేముందు ఒకటి చూసుకోవాలి: తాళంచెవి లేకుండా హ్యాండిల్ తలుపు మీదికి తిరిగి బిగుసుకోకూడదు. కొన్ని రకాలు ఊరికే నెడితే పడిపోతాయి. అలాంటిది ఉంటే మనం లోపల పడుకున్నప్పుడు బయట పోయే ఏ ఆకతాయైనా మనల్ని లోపలే బంధించేయగలడు. తెరిచి ఉన్న స్థితిలో కూడా తాళం పడేది తీసుకున్నాను.

బిగింపు సంగతి. స్క్రూలతో ఈ గోడకు ఏదీ నిలవదు, పల్చటి ప్లైవుడ్‌లోంచి ఒక్క గుంజుకు ఊడొస్తాయి. బోల్టు అటునుంచి ఇటు దిగాల్సిందే. ముందు లోపల ఏ వైరు ఎటు పోతోందో చూసుకోవాలి, ఎందుకంటే తలుపు దగ్గర మెట్టు దీపం, బయటి దీపం వైర్లు గోడలోంచే నడుస్తాయి. బయట మాస్కింగ్ టేపు అంటించి, 3 మి.మీ. బిట్‌తో చిన్న రంధ్రం చేసి, తర్వాత పెద్ద బిట్‌ను బయటినుంచి సగం, లోపలినుంచి సగం నడిపాను. ఒకే వైపు నుంచి తోసేస్తే అవతల ప్లైవుడ్ పెచ్చులుగా లేస్తుంది.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. నట్టు బిగించే కొద్దీ మధ్యలో ఫోమ్ నలిగి, బయటి రేకు గుంటపడుతుంది. ఆ గుంట చుట్టూ సీలెంట్ విడిపోయి నీళ్లు దిగుతాయి, ప్లైవుడ్ నల్లబడి కుళ్లుతుంది. దొంగ చేసే నష్టం కంటే అది పెద్దది. అందుకని గోడ మందానికి సరిగ్గా కోసిన అల్యూమినియం గొట్టం ముక్కను రంధ్రంలో దింపి, దాని లోంచి బోల్టు పోనిచ్చాను. బిగింపు బలమంతా గొట్టం మీద పడుతుంది, ఫోమ్ మీద కాదు. లోపల మామూలు వాషర్ బదులు 3 మి.మీ. మందం అల్యూమినియం పలక వేశాను. బోల్టు తల బయటివైపు, గుండ్రంగా, స్పానర్‌కు గానీ స్క్రూడ్రైవర్‌కు గానీ పట్టు దొరకనిది, నట్లన్నీ లోపల. సీలెంట్ పాలీయురేథేన్ రకం వాడాను. సిలికాన్ వాడితే రేపు మళ్లీ సీల్ చేయాల్సి వచ్చినప్పుడు దాని మీద ఏదీ అంటుకోదు. అంచుల వెంట సీలెంట్ సన్నటి గీతలా బయటికి రాగానే బిగించడం ఆపేయాలి.

బయటినుంచి తాళం వేసే హ్యాండిల్ రాత్రిళ్లు మనం లోపల ఉన్నప్పుడు పనికిరాదు కాబట్టి లోపల రెండో గడియ వేశాను. అది బొటనవేలితో తిప్పేది. లోపలి వైపు తాళంచెవి అవసరమయ్యే గడియలు ఎవరు ఎంత మెచ్చుకున్నా నేను పెట్టను. గ్యాస్ పొయ్యి, బ్యాటరీలు, ప్లైవుడ్ ఉన్న పెట్టెలో నిద్రపోతున్నాం మరి.

కిటికీలు

కిటికీలు గాజువి కావు, రెండు పొరల ఆక్రిలిక్‌వి. పైన కీలు, కింద ప్లాస్టిక్ గొళ్లేలు. కింది మూల పెళ్లగిస్తే గొళ్లెం పుటుక్కున విరుగుతుంది. గాలి కోసం కొంచెం తెరిచి పెట్టే మెట్టులో ఉంచితే మొన దూర్చే శ్రమ కూడా దొంగకు తప్పుతుంది. బండి వదిలి వెళ్లేటప్పుడు అన్ని గొళ్లేలూ పూర్తిగా పడ్డాయో లేదో ఒక్కొక్కటీ తట్టి చూడటం మాకు అలవాటైంది.

తలుపు వైపు కిటికీలకు లోపల అడ్డంగా అల్యూమినియం గొట్టం పెట్టాను. ఫ్రేముకు రెండు వైపులా పైకి తెరిచి ఉన్న కొక్కేలు, గొట్టం వాటిలో కూర్చుంటుంది, ఎత్తితే వచ్చేస్తుంది. గొళ్లెం విరగ్గొట్టినా మనిషి దూరడానికి సందు ఉండదు. మంచం పక్క కిటికీకి మాత్రం ఏమీ పెట్టలేదు. పక్క తలుపు వైపు మంటలుంటే అదే మా దారి. రూఫ్‌లైట్లలో 40 సెం.మీ. చదరంగా ఉండే దాంట్లోంచి సన్నటి మనిషి దిగగలడు కాబట్టి వెళ్లేటప్పుడు అవీ మూసేస్తాం.

డ్రైవర్ క్యాబిన్

కొన్ని వ్యాన్లకు తలుపు హ్యాండిల్ కింది రేకు మరీ పల్చన. అక్కడ పొడిచి లోపలి కడ్డీని కదిలిస్తే తాళం తెరుచుకుంటుంది. ఆ చోట బిగించే స్టీల్ కవచపు పలకలు మోడల్‌ను బట్టి దొరుకుతాయి. మా బండికి సరిపోయేవి వేశాను, చూడ్డానికి అందంగానే ఉన్నాయి.

రాత్రికి రెండు ముందు తలుపుల లోపలి పట్టీలనూ కలుపుతూ వెడల్పాటి బెల్టు కడుతున్నాం. రాచెట్ (మీట ఆడిస్తూ బిగించేది) ఉన్న బెల్టు బాగా బిగుస్తుంది కానీ చీకట్లో విప్పడం నరకం. నొక్కితే వదిలే బకిల్ ఉన్నది తీసుకుని, దీపాలార్పేసి మా ఆవిడ చేత విప్పించి చూశాకే ఖాయం చేశాను.

స్టీరింగ్‌కు కడ్డీలాంటి తాళం కంటే చక్రాన్ని మొత్తం కప్పేసేది మేలు. కడ్డీ ఎంత గట్టిదైనా దొంగ కోసేది కడ్డీని కాదు, స్టీరింగ్ చక్రపు అంచుని. అది రంపానికి ఇట్టే తెగుతుంది. బండి నెలల తరబడి నిలిపి ఉంచేటప్పుడు వీల్ క్లాంప్, అంటే చక్రాన్ని తిరగనివ్వని తాళం. ఈ తరగతి వ్యాన్లకు 215/70 ఆర్15, 225/75 ఆర్16 లాంటి టైర్లుంటాయి, కార్ల క్లాంపులు చాలా వరకు పట్టవు. టైరు పక్కన రాసి ఉన్న అంకెలు చూసుకునే కొనాలి. చక్రం నట్లను కూడా కప్పేదైతేనే లెక్క, లేకపోతే చక్రం మార్చి వెళ్లిపోతారు.

కనిపించని తాళాలు

డాష్‌బోర్డు కింద ఓబీడీ పోర్టు ఉంటుంది. మెకానిక్ స్కానర్ తగిలించేది అదే, దొంగ కొత్త తాళంచెవిని ప్రోగ్రాం చేసుకునేదీ దాంతోనే. దానికి స్టీల్ మూత బిగించాను. సర్వీసుకు ఇచ్చినప్పుడు దాని తాళంచెవి కూడా ఇవ్వడం గుర్తుండాలి. అయితే పోర్టు మూస్తే అంతా మూసినట్టు కాదు. హెడ్‌లైట్ దగ్గరి వైర్ల నుంచి క్యాన్ బస్‌లోకి (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్ల జత) దొంగ సందేశాలు పంపి కార్లు ఎత్తుకుపోయే పద్ధతిని 2023లో పరిశోధకులు వివరంగా బయటపెట్టారు. అందుకే వ్యాన్ సొంత ఇమ్మొబిలైజర్‌తో సంబంధం లేని రెండోది ఒకటి ఉండాలి. స్టీరింగ్ మీద, డోర్ మీద ఉన్న బటన్లను మనకే తెలిసిన వరసలో నొక్కితేనే స్టార్టయ్యే రకాలున్నాయి. ఇది మాత్రం నేను ముట్టుకోలేదు, ఆ పని తెలిసినవాళ్ల చేత పెట్టించాను. వాళ్లను నేను అడిగిందొకటే: స్టార్ట్ కాకుండా ఆపాలి తప్ప, నడుస్తున్న ఇంజనును ఆపేయకూడదు. బీమా కంపెనీకి కూడా ముందే చెప్పడం మంచిది.

తాళంచెవి జేబులో ఉంటేనే తెరుచుకునే బండ్లకు సిగ్నల్ సాగదీసి తెరిచే రిలే దొంగతనం భయం ఉంటుంది. దానికి మందు ఫారడే సంచి, అంటే తాళంచెవి సిగ్నల్ బయటికి పోనివ్వని సంచి. సంచిలో వేసి తలుపు పక్కనే నిలబడి, తెరుచుకుంటుందేమో చూస్తే అసలుదో నకిలీదో తేలిపోతుంది. మాది బటన్ నొక్కే రకం. దీనికి ఇంకో ఎత్తు ఉంది: మనం నొక్కే సమయానికి ఎవరో జామర్‌తో సిగ్నల్ చెడగొడతారు, తాళం పడిందనుకుని మనం వెళ్లిపోతాం. హ్యాండిల్ లాగి చూసే వెళ్లాలి.

అలారం, కరెంటు లెక్క

తలుపులకు, గ్యారేజీకి, కిటికీలకు రీడ్ స్విచ్‌లు, అంటే అయస్కాంతం దూరం జరిగితే అలారం మోగించేవి. స్విచ్ ఫ్రేము మీద, అయస్కాంతం కదిలే వైపు, రెంటి మధ్య ఎడం సెంటీమీటరు లోపు. ఉత్త టేపుతో అంటిస్తే బండి కుదుపులకు జరిగిపోతాయి కాబట్టి చిన్న స్క్రూ కూడా వేశాను. ఒంటి వేడిని బట్టి కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్ ఒకటి ఉంది కానీ ఎండకు కాగిన కర్టెన్ ఊగినా, సెన్సర్ మీద సాలీడు పాకినా కూస్తుంది. రాత్రి దాన్ని ఆపేసి స్విచ్‌లు మాత్రమే నడిచే మోడ్‌లో పెడతాం.

ఇవన్నీ బ్యాటరీ తాగుతాయి. మల్టీమీటర్‌ను నెగెటివ్ వైరు మధ్యలో కలిపి, 10 ఆంపియర్ల రేంజ్‌లో మొదలుపెట్టి, తలుపులన్నీ వేసి అరగంట ఆగి చూడాలి. బండిలోని కంప్యూటర్లు నిద్రపోయాకే నిజమైన అంకె వస్తుంది. అలారానికి 20, బండి ఎక్కడుందో చెప్పే ట్రాకర్‌కు 15 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 0.84 ఆంపియర్ అవర్లు, నెలకు 25. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే దించకూడదు కాబట్టి రెండు నెలల్లో దాని పని అయిపోతుంది. ఆరుబయట ఉంటే పైకప్పు మీది సోలార్ ప్యానెల్ దీన్ని సులువుగా పూడుస్తుంది, షెడ్డులో పెడితే చార్జర్ తగిలించాల్సిందే. మెయిన్ స్విచ్ ఆపేస్తే కరెంటు మిగులుతుంది కానీ దాంతో పాటు అలారం కూడా పడుకుంటుంది. వీటిని స్విచ్‌కు ముందునుంచే, సొంత ఫ్యూజుతో తీసుకోవాలి.

ట్రాకర్

జీపీఎస్ యాంటెనా ఫైబర్‌గ్లాస్ కింద బాగానే పనిచేస్తుంది, అల్యూమినియం రేకు కింద గుడ్డిదవుతుంది. సొంత బ్యాటరీ ఉన్నదై, సిగ్నల్ తెగిపోతే ఆ సంగతి కూడా చెప్పేదై ఉండాలి. రోజుకొకసారి మాత్రమే చోటు చెప్పే చవక రకాలు దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. రెండో అండగా ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో ఫోనుకు చెప్పే ఆపిల్ బిళ్ల) లాంటిది ఒకటి దాచాను, సీఆర్2032 బిళ్లతో ఏడాది దాకా నడుస్తుంది. అయితే దాని మీదే ఆశ పెట్టుకోలేం. ఎవరికీ తెలియకుండా వెంటాడకూడదని, తెలియని ట్యాగ్ తనతో పాటు కదులుతుంటే ఫోను హెచ్చరిస్తుంది. 2024 నుంచి ఆపిల్, గూగుల్ ఉమ్మడి ప్రమాణంతో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ ఆ పని చేస్తున్నాయి. అంటే దొంగ ఫోనుకూ ఆ కబురు అందుతుంది.

మత్తు గ్యాస్ సంగతి

నిద్రలో కిటికీలోంచి మత్తు గ్యాస్ వదిలి దోచుకుంటారన్న కథ మోటర్‌హోమ్ వాళ్లలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అనీస్థటిస్ట్స్ దీన్ని కొట్టిపారేసింది. ఈథర్ అనే మత్తుమందు ఘాటుకే మెలకువ వస్తుంది, ఒక గదిని నింపడానికి కావలసిన మోతాదూ చిన్నది కాదు. మత్తు గ్యాస్ డిటెక్టర్‌కు పెట్టే డబ్బు ఎల్పీజీ, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లకు పెట్టడం నయం, చంపే గ్యాసులు అవి.

మిగిలిన పని

చిన్న సేఫ్ కొన్నాను, ఇంకా బిగించలేదు. నేల కూడా ప్లైవుడ్, ఫోమే కాబట్టి దానికి కాకుండా డ్రైవర్ సీటు కింది స్టీల్ పెట్టెకు 8 మి.మీ. బోల్టులతో బిగించాలని ఉంది. సీటు తిరిగేటప్పుడు సేఫ్ మూత తగులుతుందో లేదో చూడాలి. గ్యారేజీ తలుపు తాళాలు పల్చటి పలకల వేఫర్ రకం, కొంచెం చెయ్యి తిరిగినవాడు గీకి తెరిచేస్తాడు. లోపలినుంచి వేసే అడ్డగడియ కొలతలు తీసుకున్నాను. పైకప్పు మీద పెద్ద అక్షరాల్లో బండి నంబరు అంటించాలి, పైనుంచి వెతికేవాళ్లకు పనికొస్తుంది. సైకిళ్ల స్టాండుకు ఏ గొలుసు వాడాలో మాత్రం ఇంకా తేలలేదు. స్టాండే నాలుగు బోల్టుల మీద నిలబడి ఉంది, గొలుసును దానికి కాకుండా ఛాసీకి వేసే దారి వెతుకుతున్నాను.