టుసాన్‌లో తుప్పు నీళ్ల కథ

అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నుంచి టుసాన్ రెండు గంటల దారి. దానికి బస్సువాడు గుంజిన డబ్బుతో అనంతపురం నుంచి హైదరాబాదుకు ఏసీ స్లీపర్‌లో పోయి రావచ్చు. పైగా నలభై నిమిషాలు లేటు. వేసవి ఇంకా రానేలేదు, ఎండ మాత్రం మాడు పగలగొడుతోంది. టుసాన్‌లో దిగాక కోపం కాస్త తగ్గింది. నేను వెళ్లినప్పుడు ఊళ్లో బస్సులకూ ట్రామ్‌కూ టికెట్టే లేదు మరి!

వెళ్లింది యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో హైడ్రాలజీ (నీటి శాస్త్రం), వాతావరణ శాస్త్రాల విద్యార్థులు ఏటా జరిపే సదస్సుకు. పేరు స్పానిష్‌లో ఉంటుంది: ఎల్ దియా దెల్ అగువా ఇ లా అత్మోస్ఫెరా, అంటే నీటి, వాతావరణాల రోజు. జ్యోతి ప్రజ్వలన లేదు, దండలు లేవు, రాని ముఖ్య అతిథి కోసం గంటన్నర ఎదురుచూపూ లేదు. మైకులు సర్దేది పిల్లలే, వక్తలను కూర్చోమనేది పిల్లలే, మాట్లాడేదీ వాళ్లే. ప్రొఫెసర్లు వెనక వరుసల్లో సర్దుకున్నారు.

పొద్దున ప్రసంగాల్లో సగం కొలరాడో నది గురించే. ఎకరా నేల మీద అడుగు లోతు నిలిచే నీళ్లు ఒక ఎకరా-అడుగు; ఆ లెక్క నా బుర్రకెక్కదు. నా పాటికి నేను టీఎంసీల్లోకి మార్చుకుంటూ పోయాను. 1922 ఒప్పందం నదిని ఎగువ రాష్ట్రాలకు సగం, దిగువ రాష్ట్రాలకు సగం పంచింది, ఒక్కో వాటా 75 లక్షల ఎకరా-అడుగులు. అంటే సుమారు 327 టీఎంసీలు. ఏడు రాష్ట్రాలకు కలిపి 650 చిల్లర! బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీళ్లలో ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కే 811 ఇచ్చింది. ఆ 650 కూడా ఏటా రావట. ఒప్పందం రాసుకున్న రోజుల్లో వానలు మామూలు కంటే ఎక్కువ పడ్డాయని తర్వాత చెట్ల కాండాల్లో ఏటా ఏర్పడే వలయాలు చూసి తేల్చారు. ఆ వలయాలు చదివే ప్రయోగశాల 1937 నుంచి ఈ యూనివర్సిటీలోనే ఉంది.

మధ్యాహ్నం విద్యార్థులు తమ పరిశోధనల గురించి పెట్టిన పోస్టర్ల దగ్గర ఒక పెద్దావిడ తగిలింది. విద్యార్థి కాదు, ప్రొఫెసరూ కాదు. రిటైరైన నర్సు. ఊరి నీళ్ల సంగతి ఎక్కడ మాట్లాడినా వచ్చి కూర్చుంటుందట. కాలువ నీటి పోస్టరు ముందు నన్ను ఆపి, "1992లో మా కుళాయిలో ఏమొచ్చిందో ఇందులో రాయలేదు" అంది.

సంగతేమిటంటే, టుసాన్ అంతవరకూ బోరు నీళ్ల మీదే బతికింది. భూగర్భజలం అడుగంటుతోందని కొలరాడో నీళ్లను 540 కిలోమీటర్ల కాలువలో, దాదాపు 2,900 అడుగుల ఎత్తుకు పంపులతో తోడి తెచ్చారు. శుద్ధి చేసి నేరుగా కుళాయిల్లోకి వదిలారు. కొత్త నీటి గుణం వేరు. పాత ఇనుప పైపుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పు ఊడి రావడం మొదలైంది. "టబ్బు నింపితే టీ డికాక్షనే. నా తెల్ల యూనిఫాంలు రెండు పాడైపోయాయి" అని ఆవిడ చేతులూపుతూ చెబుతుంటే, పోస్టరు వేసిన కుర్రాడు కూడా తన సంగతి మరిచి వింటూ నిలబడ్డాడు. వాడప్పటికి పుట్టి ఉండడు. 1994లో ఆ సరఫరా ఆపేశారు. మరుసటి ఏడాది జనం ఓట్లేసి మరీ నేరుగా ఇవ్వడానికి అడ్డుకట్ట వేశారు. చివరికి నగరం కొండల అవతల అవ్రా లోయలో మడుగులు తవ్వి, కాలువ నీళ్లను నేలలోకి ఇంకించి, బోర్లతో తోడి, భూగర్భజలంతో కలిపి 2001 నుంచి ఇస్తోంది. "ఇప్పుడు తాగుతున్నారా?" అని అడిగాను. భుజాన వేలాడుతున్న సీసా తీసి చూపించింది.

తర్వాతి ప్రసంగాలు నాకు సరిగ్గా ఎక్కలేదు. సాయంత్రం ట్రామెక్కి చివరి స్టాపుకు పోయి సాంతా క్రూజ్ వంతెన మీద నిలబడ్డాను. బోర్లు ఎండబెట్టిన నది ఇది. 2019 నుంచి శుద్ధి చేసిన మురుగునీటిని ఇందులోకి వదులుతున్నారు. సన్నటి పాయ, పక్కన రెల్లు.

ఇంటికి ఫోన్ చేస్తే నాయన అప్పుడే లేచినట్టున్నాడు. మా ఊరు బెళుగుప్ప పక్కన. శ్రీశైలం నీళ్లు హంద్రీ-నీవా కాలువలో మెట్లు మెట్లుగా ఎక్కి మా జీడిపల్లి రిజర్వాయరుకు వస్తాయి. టుసాన్ కథంతా చెప్పాను. మడుగులూ, ఇంకుడూ అన్నీ.

"అంటే చెరువుకు ఇడిసినారు, బోర్లలో ఊరినాయి. అంతేనా?"

"అంతే నాయనా."

"దీనికి మీటింగు పెట్టాల్నా? మన చెరువుకు ఈ తూరి ఇంకా ఇడవనేల్యా. పై ఊరోళ్లు కట్టేసుకున్యారు. మీ సార్లను ఎవరినన్నా అడిగి చూడు, దానికేమన్నా మందుందేమో" అని మొదలుపెట్టాడు. తిరుగు బస్సు ఈసారీ లేటే కాబట్టి మొత్తం విన్నాను. సర్పంచి పేరుతో సహా.