గంగవాయిలి కూర, ఇరవై రూపాయలు

పన్నెండు దాటింది, నిద్ర రావట్లేదు. ఎందుకు రావట్లేదో చెప్తే ఈయన నవ్వుతాడు. అందుకే లేచొచ్చి ఇక్కడ కూర్చున్నా.

గంగవాయిలి కూర వల్ల.

ఆదివారం పొద్దున మా గేటు పక్కన గోనెసంచి పరుచుకుని కూరలమ్మే వికారాబాద్ అక్క ఒకామె ఉంది. ఇవాళ సొరకాయలు, బెండకాయలు, కొర్రల సంచి పక్కన తడిగుడ్డ కింద గంగవాయిలి పెట్టింది. లేతగా ఉంది, ఎర్రటి కాడలు, వేళ్ళకి ఇంకా మన్ను అంటుకునే ఉంది. నేను రెండు కట్టలు తీసుకుని చిల్లర వెతుక్కుంటున్నా. అంతలో మూడో అంతస్తావిడ దిగింది. ఒక కట్ట ఎత్తి, తిప్పి చూసి, "ఎంతమ్మా?" అంది.

"ఇరవై అమ్మా."

"ఇరవయ్యా! ఇది కలుపు మొక్క కదా. మా ఊళ్ళో బర్రెలకి వేస్తారు. ఊరికే మొలిచేదానికి డబ్బులేంటి?"

అక్క ఏమీ అనలేదు. కట్టని మళ్ళీ తడిగుడ్డ కింద సర్దింది. అక్కడితో అయిపోయినా బాగుండేది. ఆవిడ కొర్రల వైపు తిరిగి "ఇవి తింటే షుగర్ తగ్గుతుందట కదా" అని, కిలో ఎంతో కూడా అడక్కుండా రెండు కిలోలు పోయించుకుంది. నాకు కాలింది అక్కడ. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్న దగ్గర్నుంచీ మావాళ్ళకి కొర్రలంటే తిండి కాదు, మాత్ర. మాత్రకి బేరమాడరు కదా. కూరకైతే ఆడొచ్చు. పైగా కవర్ లేదా అని అక్కనే కసురుకుంది, సంచి తెచ్చుకోవాలన్న ఇంగితం తనకి లేకపోగా. నేను గట్టిగా ఏమైనా అనాల్సింది, కానీ సొసైటీ మీటింగ్ వచ్చే వారమే ఉంది, పార్కింగ్ సంగతి తేలలేదు. నోరు మూసుకున్నా.

పప్పు ఉడుకుతుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఝరాసంగం వైపు ఊరు. ఎండాకాలం సెలవులకే కాదు, వానాకాలంలో జ్వరమొచ్చి బడి మానేసినా నన్ను అక్కడికే పంపేవాళ్ళు. కలుపు కూలికి పోతూ నన్నూ వెంట తీసుకెళ్ళేది. ఆ చేన్లో ఒక పంట అని ఉండేది కాదు. జొన్న సాళ్ళ మధ్య కంది, పెసర, అనుములు, గట్టు పొడుగునా పుంటికూర, అంటే గోంగూర. వరసగా కూర్చుని ఆడవాళ్ళు కలుపు తీస్తుంటే నేను అమ్మమ్మ చేతులే చూసేదాన్ని. కొంగు దోపి ఒడి కట్టుకునేది. కుడిచేత్తో కొడవలి, ఎడమచేతికి వచ్చిన మొక్కల్లో గడ్డి వెనక్కి పోయేది, దొగ్గలి, తుమ్మి, గంగవాయిలి ఒళ్ళోకి. మాట్లాడుతూనే ఉండేది, చూసేది కూడా కాదు, వేళ్ళే ఏరుకునేవి. పొద్దుగూకే వేళకి ఒడి నిండేది. ఆ ఒడిలో ఏముందని చేను ఆసామి ఏనాడూ అడగలేదు. రాత్రికి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఆ కూర. పొయ్యి పక్కన రొట్టె చరుస్తున్న చప్పుడుకే నాకు జ్వరం సగం తగ్గేది.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత అసలు మాట గుర్తొచ్చింది. ఒకసారి పక్కింటామె సంతలో పుంటికూర కొనుక్కొచ్చిందని విని అమ్మమ్మ విస్తుపోయి, "కూరకు పైసలు పెడ్తరా బిడ్డా ఎవరన్నా?" అంది. అంటే మూడో అంతస్తావిడ అన్నదీ అదే కదా! మరి అమ్మమ్మ అంటే ముద్దు, ఆవిడ అంటే మంట ఎందుకు నాకు? నిద్ర ఎగిరిపోయింది ఈ ప్రశ్నతోనే.

కాదు, రెండూ ఒకటి కావు. అమ్మమ్మకి కూలీ, కూర ఒకే పొద్దులో దొరికేవి. ఇప్పుడు పత్తి చేలల్లో గడ్డిమందు కొడితే కలుపుతో పాటు కలుపు కూలీ కూడా పోతుంది, దాంతో ఒళ్ళోకొచ్చే కూర పోతుంది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. వీపున ట్యాంకు కట్టుకుని చేన్లో నడిచేవాళ్ళలో ఆపరేటర్ ఎవరో నాకైతే ఎప్పుడూ కనబడలేదు. పక్క చేనువాళ్ళు మందు కొట్టిన వారం ఆ గట్టు మీద కూర ముట్టుకోనని అక్క చెప్పింది. ఆ ఇరవైలో ఆ వదులుకున్న గట్టు ఉంది, ఆర్టీసీ బస్సులో లగేజీ టికెట్టూ ఉంది.

అయినా ఊళ్ళో పండింది ఇలా తెచ్చి మా గేటు దగ్గర అమ్ముకోవడం సరైన పద్ధతేనా అని మళ్ళీ అనుమానం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, 1990లలో చేసింది వేరు. బీడు పడ్డ భూములు దున్నించి జొన్న వేయించారు. ఇచ్చిన అప్పుని గింజల్లోనే తిరిగి కట్టించుకున్నారు. ఆ జొన్నల్ని ఊళ్ళో పేదవాళ్ళకే తక్కువ ధరకి అమ్మారు, ఎవరు పేదో ఊరివాళ్ళే తేల్చుకున్నారు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరూ పాత పంటల జాతర తిప్పేదీ వాళ్ళే. అక్కడ పండింది ముందు ఊరికి. మా అక్కది పండింది ముందు నాకు, మూడో అంతస్తుకి.

ఇదంతా బుర్రలో తిరుగుతుండగానే సాయంత్రం సామాను సర్దుకుంటున్న అక్కని అడిగేశా, కొర్రలు మీ ఇంట్లో వండుకుంటారా అని.

"ఎందుకు మేడం, అమ్మాలె గద. మాకు రేషన్ల సన్నబియ్యం ఇస్తున్నరు. మంచిగనే ఉంటున్నయ్."

జాలి పడదామని సిద్ధమైపోయి ఉన్నా, ఆమెకి నా జాలితో పని లేదు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం వస్తున్నాయి, తెల్లగా అన్నం వండుకుంటున్నారు, పిల్లలు సంతోషంగా తింటున్నారు. జొన్నరొట్టె గొప్పతనం ఆమెకి నేను చెప్పాలా? ఆమె చిన్నప్పుడు తిన్నన్ని నేను జన్మలో తినలేదు.

ఇంతకీ పప్పు బాగా కుదిరింది. ఈయన రెండోసారి వేయించుకున్నాడు, అది ఏం కూరో అడక్కుండా. చిన్నోడు పులుపని వదిలేశాడు.

వచ్చే వారం దొగ్గలి కూర తెమ్మని అక్కకి చెప్పా. "వానలను బట్టి మేడం. ఆర్డరిస్తే మొలుస్తదా?" అని నవ్వింది. సరే, వానలు పడనీ. మూడో అంతస్తావిడతో మాత్రం మీటింగ్ అయ్యేదాకా మాటల్లేవు.