సెప్టెంబరు ఎనిమిది నాటి డ్యూటీ

"ఇక్కడి జీతం కావాలి గానీ ఇక్కడి పండగ అక్కర్లేదు మీకు." నేను ఒళ్ళు తుడుస్తుంటే పెద్దాయన అన్న మాట ఇది. మాల్టాలో నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఉంటాడాయన. వయసులో ఉన్నప్పుడు పడవ పందేల్లో తన రేవు ఊరు సెంగ్లియా తరఫున తెడ్డు వేసినవాడు. నేను ఒక్కసారి కూడా పడవ పందేలు చూడలేదని తెలిసి ఆయనకి ఒళ్ళు మండింది.

ఆ మాట నన్ను వదల్లేదు. పడవ పందేలు జరిగే సెప్టెంబరు 8 ఇక్కడ పండగ సెలవు, కానీ ఆ సెలవు ఈ ఊరివాళ్ళకి. ఆశ్రమంలో ఆ రోజు ఉండేది మేమే: తెలుగువాళ్ళం, మలయాళీలు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు. నేను రేవుకి పోతే ఆయనకి అన్నం ఎవరు తినిపిస్తారు? మా ఉప్పాడ వైపు జూన్ 14తో వేట నిషేధం తీరాక గంగమ్మకి మొక్కి, పడవలకి పసుపు కుంకుమ పెట్టి వేటకి దిగుతారు. ఆ రోజు పనిలో చిక్కుకున్నవాడికి ఎవరో ఒకరు ప్రసాదం పట్టుకెళ్ళి ఇస్తారు. ఇక్కడ మా దాకా ఏదీ రాలేదు. అందుకే ఆయన కోపంలో సగమే న్యాయం ఉందనిపిస్తుంది నాకు, ఇప్పటికీ.

ఆ సగం మాత్రం ఒప్పుకోవాలి. ఆ తర్వాత తినిపించేటప్పుడల్లా నేనే అడిగాను, ఆయన చెప్పాడు. 1565లో మాల్టా మీద తురుష్కుల ముట్టడి తొలగింది ఆ రోజే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, ఇటలీ లొంగిపోయిందని ప్రకటించిందీ ఆ రోజే. ఏసు తల్లి మరియమ్మ పుట్టినరోజు కూడా అదే. సెంగ్లియా చర్చిలో ఉన్న తల్లి విగ్రహం సముద్రంలో కొట్టుకొస్తుంటే దొరికిందని వాళ్ళ నమ్మకం. సముద్రం చేర్చిన తల్లి అంటే మా వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు, చేతులు వాటంతటవే జోడవుతాయి.

పందేలు ఏడాదికి రెండుసార్లు గ్రాండ్ హార్బర్ అనే ఇక్కడి పెద్ద రేవులో జరుగుతాయి, మార్చి 31న, మళ్ళీ సెప్టెంబరు 8న. బిర్గు, బోర్మ్లా, సెంగ్లియా, కల్కారా, మార్సా, ఇలా రేవు చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ పోటీకి దిగుతాయి. ఒకప్పుడు ఓడల నుంచి జనాన్ని ఒడ్డుకి చేర్చిన పడవల రకమే ఇప్పుడు పందేలకీ దించుతారు. మొత్తం మీద గెలిచిన ఊరికి షీల్డు. అందులో పైసా ఆదాయం లేదు, అయినా కుర్రాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూనే నెలల తరబడి తెడ్లు వేసి సాధన చేస్తారు. ఇక సాయంత్రం తల్లి విగ్రహాన్ని భుజాల మీద ఎత్తుకుని, బ్యాండు మేళంతో వీధుల్లో ఊరేగిస్తారు. ఊరి పేరు నిలబెట్టడానికి ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం. ఆ గౌరవం వీళ్ళకీ దక్కాలి.

వచ్చే సెప్టెంబరు 8కి నాకు రాత్రి షిఫ్టు వెయ్యమని ఇప్పుడే అడిగి పెట్టాను. పగలు రేవుకి వెళ్తాను. ఏ పడవ ఎక్కడ ముందుకొచ్చిందో, షీల్డు ఎవరికి పోయిందో రాత్రి ఆయనకి వరసగా చెప్పాలి.